ఒక్క పొయ్యి కూడు

మా ఆయన కిషోర్ చేపల పులుసు బ్రహ్మాండంగా పెడతాడు. అబద్ధం చెప్పి నేనెక్కడికి పోతాను? వేటకు పోయే పడవల్లో వంట మగవాళ్ళదే. ఇరవై ఏళ్ళుగా సముద్రం మీద వండి వండి ఆ చేతికి ఉప్పూ పులుపూ వాటంతటవే తెలుసు. వాడి చేతి మహిమ అని మా అత్త బతికినన్నాళ్ళూ మురిసిపోయింది. ఆ చెయ్యే నా ఎడమ చెవి మీద పడింది. ఆ చెవికి ఇప్పుడు ఏమీ వినిపించదు.

నా పేరు దుర్గ. ఊళ్ళో నన్ను గయ్యాళి అంటారు. అననివ్వండి. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఎవరో. నాకు తోడికోడళ్ళు లేరు. మొగుడు కొట్టినందుకే నేను ఏడ్చాను, కొట్టినందుకే తిట్టాను, చివరికి కొట్టినందుకే ఇక నీతో ఉండనని చెప్పి పొరుగూళ్ళో ఉన్న మా అన్న పెంచలప్రసాద్ ఇంటికి పోయాను. గొడవంతా అక్కడ ముదిరింది.

దానికి ముందు సంగతి కొంచెం చెప్పాలి. మైపాడుకు దక్షిణంగా, మా ఏరు సముద్రంలో కలిసేచోట ఒక ఇసుక దిబ్బ ఉంది. చుట్టూ నీళ్ళే, పడవ లేనిదే పోలేము. నెల్లూరు నుంచి సుశీల్ కుమార్ అన్న, ఆయన భార్య షారన్ అక్క శని ఆదివారాల్లో జనాన్ని తీసుకొచ్చి ఆ దిబ్బ మీద గుడారాలు వేయిస్తారు. పడవ మా ఆయనది, వంట నాది. దిబ్బ మీద పుల్ల ముక్క దొరకదు కాబట్టి వాళ్ళే చిన్న స్టవ్వులు తెచ్చారు. ఒక్కోటి అరచేతిలో పట్టేంత ఉంటుంది, మడిస్తే జేబులో పడుతుంది. కింద గ్యాస్ బుడ్డికి మర తిప్పి బిగించి, పైన దబర పెట్టడమే. మొదటిసారి చూసి, ఇది వంటకా బొమ్మలాటకా అని నవ్వాను. తీరా వెలిగించాక నా ఇంట్లో ఉన్న పెద్ద స్టవ్వు కంటే ముందే నీళ్ళు మరిగాయి. నోరు మూసుకున్నాను.

షారన్ అక్క నా చెయ్యి పట్టుకుని బుడ్డి మీద ఆనించి మరీ నేర్పింది. "చల్లంగా ఉండాదా? వండినంతసేపూ ఇట్టనే ఉండాల. గాలి కొడతా ఉంటే ఒక్కపక్కనే అడ్డం పెట్టు దుర్గా. చుట్టూ మూసేసినావంటే సెగ కిందికి తిరుక్కుంటాది, బుడ్డి కాలతాది. కాలిందంటే పేలిపోతాది. అది బాంబే అనుకో," అంది. నేను అట్లాగే చేసేదాన్ని. వచ్చినవాళ్ళు తిని, అక్కా నీ చేతి అన్నం కోసమే వచ్చినాం అనేవాళ్ళు. ఒకరోజు సుశీల్ అన్న అందరి ముందూ, "దుర్గక్క లేకపోతే మా క్యాంపే లేదు" అన్నాడు. పాపం మంచికే అన్నాడు. నా చెవి పోయింది ఆ సాయంత్రమే.

మా అన్న ఇంట్లో నేనున్నానని తెలిసి మా ఊరి కాపులు కూర్చున్నారు. కాపులంటే మా పల్లెలకు పెద్దమనుషులు, వాళ్ళ మాట పొరుగూళ్ళో కూడా చెల్లుతుంది. పెద్దకాపు మాలకొండయ్య కిషోర్‌కు స్వయానా మేనమామ. ఇక చూసుకోండి న్యాయం. ఆయన చేతికర్ర నేలకు కొట్టి చెప్పాడు: "మొగుడూ పెళ్ళాం ఒక్క పొయ్యి మీద కూడు వండుకోని, పెద్దమనిషి ముందర ఇద్దరూ తినాల. తిన్నాక కూడా ఆ పిల్ల ఉండనంటే ఇడిచిపెట్టేదే, ఎవురూ అడ్డం పోకూడదు. తినిందాక ఆమెను ఎవురూ పడవెక్కించుకోకూడదు, పెంచలప్రసాద్ పడవ నీళ్ళల్లో దిగకూడదు. ఇది దురాయి."

దురాయి అంటే మా వాళ్ళకు రాతి మీద గీత. దాటినవాళ్ళ ఇంటికి ఊళ్ళో ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. షారన్ అక్క ఫోన్ చేసి, స్టేషన్‌కి పోదాం రా, నేనుంటాను నీ పక్కన అంది. మంచి మనిషే. కానీ మా అన్న పడవను స్టేషన్ వాళ్ళొచ్చి నీళ్ళలోకి తోస్తారా? మా వదిన పిల్లలకు ఏం పెడుతుంది? ఒక్క పూట కూడు, ఆ తర్వాత నా దారి నాది అనుకున్నాను. నెల్లూరు పోతాను, సుశీల్ అన్న వాళ్ళతో క్యాంపులకు తిరుగుతాను, ఎవడి చెయ్యీ పడని చోట వండుకుంటాను. నాకు కావాల్సింది అంతే.

కిషోర్ మాత్రం, ఊళ్ళో నలుగురి నోళ్ళ మధ్య ఎందుకు మామా, దిబ్బ మీద వండుకుంటాం, శనివారానికి గుడారాలు కూడా వేసి రావాల గదా అన్నాడు. మాలకొండయ్య సరే, చూడ్డానికి నేనే వస్తానన్నాడు. సుశీల్ అన్న సామానంతా మా పంచలోనే ఉంటుంది. అరిచినా వినబడని చోటు ఎందుకు ఎంచుకున్నాడో తెలియనంత పిచ్చిదాన్ని కాదు. తెలిసే పడవెక్కాను.

దిబ్బకు చేరేసరికి పొద్దు వాలుతోంది. దక్షిణపు గాలి ఇసుకను ఎత్తి మొహాన కొడుతోంది. దారి పొడుగునా కిషోర్ సీసా ఎత్తుతూనే ఉన్నాడు, మామకూ పోస్తూనే ఉన్నాడు. నేను స్టవ్వు తీసి, పడవలోని చెక్క ఒకటి గాలికి అడ్డంగా గుచ్చి అన్నం వండాను. మంట ఊగిపోతుంటే ఆలస్యమైంది గానీ మెతుకు బాగానే ఉడికింది. మధ్యమధ్యలో బుడ్డి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. అన్నం దబర దించి, గుడ్డ కట్టి పడవ నీడలో పెట్టాను.

తర్వాత వంతు ఆయనది. జెల్లలు కడిగి, చింతపండు పిసికి, మామిడికాయ ముక్కలు కోసి పెద్ద దబర స్టవ్వు మీద పెట్టాడు. గాలికి మంట పక్కకు వాలిపోయింది.

"ఏందే ఇది, దీపం పెట్టినావా పొయ్యి పెట్టినావా?" అని నా చెక్కను కాలితో తన్నాడు. పోయి పడవలోంచి రేకు డబ్బా తెచ్చాడు.

ఆ డబ్బా ప్రతి పడవలోనూ ఉంటుంది. పాత నూనె డబ్బాకు పైభాగం కోసేసి, అడుగున ఇసుక పోసి, దాంట్లో పొయ్యి పెట్టుకుంటారు. పైన దబర మూతలాగా కూర్చుంటుంది. పక్కన పుల్లలు దూర్చడానికి చిన్న కన్నం. ఎంత గాలైనా లోపలికి పోదు, సెగ బయటికి రాదు. పుల్లల పొయ్యికి అది చాలా మంచి ఏర్పాటు. సముద్రం మీద మా తాతల నుంచీ అట్లాగే వండారు. కిషోర్ ఆ గ్యాస్ స్టవ్వును బుడ్డితో సహా ఎత్తి ఆ డబ్బాలో దించాడు.

"అట్ట వద్దు. బుడ్డి కాలతాది," అన్నాను.

"ఏంది?"

"సెగ కిందికి పోతాది. బుడ్డి పేలిపోతాది. షారన్ అక్క చెప్పింది."

ఆ పేరు ఎత్తకుండా ఉండాల్సింది. చేతిలో ఉన్న గరిటె నా పెదవి మీద పడింది. నోట్లో ఉప్పగా నెత్తురు. "సముద్రంలో ముసురు పట్టి, అలలు నెత్తి మీద పడతా ఉంటే వండినోణ్ణి నేను. నెల్లూరు ఆడది నాకు పొయ్యి నేర్పిస్తాదా?" అన్నాడు. డబ్బా చుట్టూ ఇసుక ఎగదోసి, దబర పైన పెట్టి, మంట పెద్దది చేశాడు.

మాలకొండయ్య ఇంకో గుక్క తాగి సముద్రం వైపు తిరిగాడు.

పులుసు మరగడానికి పెట్టి కిషోర్ నా దగ్గరికొచ్చాడు. నెమ్మదిగానే అడిగాడు. "కూడు తిన్నాక మామ అడుగుతాడు. ఉంటానని చెప్పు."

"ఉండను."

కడుపులో తన్నాడు. వంగిపోయాను. జుట్టు పట్టుకుని తడి ఇసుక దాకా ఈడ్చుకుపోయి మొహాన్ని ఇసుకలో అదిమాడు. ఇసుక ముక్కులోకి పోయింది, నోట్లోకి పోయింది. ఊపిరి ఆడక కాళ్ళు కొట్టుకున్నాను. లేపి అడిగాడు, ఉంటావా అని. ఇసుక ఉమ్మి, నీ పాడె కట్టిన్నాడు ఉంటానురా అన్నాను. మళ్ళీ అదిమాడు. నా నోరు మంచిది కాదని చెప్పానుగా, చచ్చేటప్పుడు కూడా మంచిది కాదది.

"ఒరేయ్ అబ్బయా, కూడు తిన్నాక మాట్లాడుకోండి," అన్నాడు మాలకొండయ్య. అన్నం చల్లారిపోతోందని బాధ కాబోలు.

కొంచెం పట్టు సడలగానే కిషోర్ కాలి పిక్కను పట్టి కొరికాను. కేక పెట్టి వదిలాడు. నేను లేచి పరిగెత్తబోయాను. పడవలోంచి తెడ్డు తీసుకుని వెనక నుంచి వేశాడు. తలకు పడాల్సింది, అడ్డం పెట్టిన ఎడమ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కింద పడ్డాను. ఇంకో దెబ్బ నడుము మీద, ఇంకోటి తొడ మీద. చేప పొట్ట చీల్చేటప్పుడు కూడా ఇంత కసి ఉండదు ఆయనకు. ఆ తర్వాత తెడ్డు పారేసి గబగబా పొయ్యి దగ్గరికి పోయాడు. పులుసు అడుగంటకూడదు కదా.

అప్పుడు విన్నాను ఆ చప్పుడు. మిగిలిన నా ఒక్క చెవితోనే. మామూలుగా ఆ స్టవ్వు సన్నగా బుస్సుమంటుంది. ఇప్పుడు రేకు డబ్బా లోపల బొబ్బలు పెడుతోంది. కన్నం లోంచి మంట పసుప్పచ్చగా బయటికి నాలుక చాపుతోంది. ఆయన మళ్ళీ మంట పెంచలేదు. బుడ్డి కాలి, గ్యాస్ దానంతటదే తన్నుకొస్తోంది.

"ఆ మర కట్టెయ్," అని అరిచాను. "డబ్బాలోంచి బయటికి తియ్. నీ కాళ్ళు మొక్కతా, తియ్."

అవును, కాళ్ళు మొక్కుతానన్నాను. నన్ను చంపబోయినవాడికి ఆ మాట చెప్పాను. చచ్చిపోవాలని ఎన్నిసార్లు తిట్టానో లెక్క లేదు గానీ, కళ్ళ ముందు మనిషి కాలిపోతాడంటే నోరు ఆగలేదు. మాలకొండయ్య వైపు తిరిగాను. "మామా, నువ్వన్నా చెప్పు. అది పేల్తాది. నువ్వు చెప్తే వింటాడు."

మాలకొండయ్య మంటను చూశాడు, కిషోర్‌ను చూశాడు. "వాడు మొగోడు. వాడికి తెల్దా?" అన్నాడు.

కిషోర్ నవ్వాడు. నేను భయపడ్డానని ఎంత సంతోషమో ఆ మొహంలో. ఒక్క అంగలో వచ్చి జుట్టు పట్టుకుని నన్ను పొయ్యి దగ్గరికి ఈడ్చాడు. దబర పక్కన గొంతుక్కూర్చుని, నా తలను మోకాలి కింద నొక్కిపెట్టి, కుడిచేత్తో పులుసు కలుపుతున్నాడు.

"పేల్తాదంటివే. పేల్తే ఇద్దరం పోదాం. మామ చూస్తాడు. ఉంటావా, ఉండవా?"

డబ్బా రేకు నా చెంపకు జానెడు దూరంలో ఉంది. కనుబొమలు కాలిన కమురు వాసన వచ్చింది. లోపల బుడ్డి టింగు టింగుమంటోంది. విరగని చెయ్యి నా ఒంటి కింద ఇరుక్కుపోయింది. దాన్ని ఎట్లాగో లాక్కుని గుప్పెడు ఇసుక ఆయన కళ్ళలో కొట్టాను. గరిటె వదిలి కళ్ళు నలుపుకున్నాడు. ఆ మోకాలి కిందనుంచి పొర్లుకుని, లేచి, నీళ్ళ వైపు పరిగెత్తాను. "మామా, లెయ్," అని అరిచిన గుర్తు. వెనక్కి చూడలేదు.

వీపు మీద ఎవరో చరిచినట్టయింది. నీళ్ళలో బోర్లా పడ్డాను.

లేచి చూసేసరికి పొయ్యి లేదు. దబర ఎక్కడో దూరంగా దొర్లుతోంది. రేకు డబ్బా చీలిపోయి, ఒక ముక్క మాలకొండయ్య పిక్కలో దిగింది. ఆయన కాలు పట్టుకుని అమ్మా అమ్మా అంటున్నాడు. కిషోర్ మోకాళ్ళ మీద ఉన్నాడు. చొక్కా మండుతోంది. మొహమంతా పులుసు, దాని కింద చర్మం లేదు. రెండు చేతులూ ముందుకు చాపి గాలిని వెతుక్కుంటున్నాడు. నోరు తెరిచి ఉంది గానీ మొదట గొంతు రాలేదు. తర్వాత వచ్చింది. ఆ అరుపు ఒక్క చెవితో వినడమే మేలు.

నేనేమీ దేవతను కాదు. ఒక్క క్షణం నిలబడి చూశాను, కాలనీ అనిపించింది. కానీ కాలుతున్న మనిషి మీద నీళ్ళు పోయడానికి దేవత కానక్కర్లేదు. మెడ పట్టి ఒక్క చేత్తో నీళ్ళలోకి ఈడ్చి ముంచాను. మంట ఆరింది. ఉప్పునీళ్ళు తగిలి ఇంకా అరిచాడు. ఒడ్డున పడుకోబెట్టాక వణుకుతూ అన్న మొదటి మాట ఇది: "చెప్పలేదేందే. నాకు చెప్పలేదేందే."

నవ్వొచ్చింది నాకు. నిజంగా నవ్వాను, విరిగిన చెయ్యి నొప్పి పెట్టేదాకా.

"దుర్గా, పడవ తియ్యి తల్లీ," అన్నాడు మాలకొండయ్య. ఎప్పుడూ లేనిది తల్లినయ్యాను. "వాణ్ణి నెల్లూరు పెద్దాస్పత్రికి తీసకపోవాల. కండ్లు పొయినట్టుండాయి."

"తీస్తాను. ముందు దురాయి ఎత్తెయ్ మామా."

"ఇదేంది, ఈ టైములో?"

"ఈ టైములోనే. నేనుండను. చెప్పినానుగా."

"కూడు తినందే ఎట్ట ఎత్తేది? పెద్దకాపు మాట పెద్దకాపే తప్పితే ఊరు ఒప్పుకుంటాదా? ముందు పద. అన్నీ ఒడ్డున మాట్లాడుకుందాం."

ఒడ్డున ఏం మాట్లాడతారో నాకు దిబ్బ మీదే వినిపించింది. గుడ్డివాడైన మొగుణ్ణి వదిలి పోతావా అంటారు. కళ్ళున్నప్పుడు కొట్టినవాణ్ణి కళ్ళు లేనప్పుడు కడిగి, తుడిచి, తినిపించమంటారు. నెల్లూరూ లేదు, క్యాంపూ లేదు. ఈ మనిషి మంచం పక్కన ముసలిదాన్నయ్యేదాకా కూర్చుంటాను. కూడు తినలేదు కాబట్టి దురాయి తీరలేదు, దురాయి తీరలేదు కాబట్టి మా అన్న పడవ కదలదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పడవ నీడలో అన్నం దబర గుడ్డ కట్టినట్టే ఉంది. పళ్ళతో ముడి విప్పి, ఎడమ చెయ్యి వేలాడుతుండగా దబరను చంకలో ఇరికించుకుని తెచ్చాను. ఇసుక మీద పులుసు చిందిన చోట చేప ముక్క ఒకటి వెతికి, ఇసుకా పులుసూ కలిపి గుప్పెడు తీసి అన్నంలో వేసి కలిపాను. ముద్ద చేసి కిషోర్ పక్కన కూర్చున్నాను.

"నోరు తెరు."

"నీళ్ళు," అన్నాడు.

"నోరు తెరువు ముందు."

పెదాలు ఊడిపోతున్నాయి. వాటి మధ్య ముద్ద పెట్టాను. దగ్గాడు, ఏడ్చాడు. నమలమన్నాను. నమిలాడు. మింగమన్నాను. గొంతు కదిలేదాకా మెడ మీద వేలు పెట్టి చూశాను. తర్వాత పడవలో తెచ్చుకున్న క్యాన్‌లోని మంచినీళ్ళు ఆయన నోట్లో పోసి, ఇంకో ముద్ద చేసి నేను తిన్నాను. ఇసుక కరకరలాడింది. నా పెదవి నెత్తురు కూడా కలిసింది. ఉప్పూ పులుపూ మాత్రం సరిగ్గా పడ్డాయి, ఆ ముక్క ఒప్పుకోవాలి.

"చూసినావు గదా మామా. అన్నం నేను వండినాను, పులుసు ఆయన పెట్టినాడు. పొయ్యి ఒక్కటే. నీ ముందరే ఇద్దరం తిన్నాం. నేనుండను. ఇప్పుడు చెప్పు."

మాలకొండయ్య నా మొహం వైపు చూడలేదు. కాలికి తువ్వాలు చుట్టుకున్నాడు. కిషోర్ మూలుగుతున్నాడు. నేను పోయి పడవ అంచు మీద కూర్చున్నాను.

"వాడు చచ్చిపోతాడే," అన్నాడు.

"నీ నోట్లో ఉండాది వాడి ప్రాణం. నాకు తొందర లేదు."

అలలు వచ్చిపోతున్నాయి. చివరికి తల దించుకునే అన్నాడు, "తీరింది. దురాయి తీరింది. పెంచలప్రసాద్ పడవ దించుకోమను. నువ్వు యాడికన్నా పో."

"ఊళ్ళో అందరి ముందరా ఇదే చెప్తావా?"

"చెప్తా. మా అమ్మ మీద ఒట్టు."

అప్పుడు లేచాను. మాలకొండయ్య కుంటుతూ కాళ్ళు పట్టాడు, నేను చంక కింద చెయ్యి వేశాను, ఇద్దరం కలిసి కిషోర్‌ను పడవలో పడేశాం. ఒక్క చేత్తో తాడు లాగితే ఇంజను అందుకోలేదు. తాడును నడుముకు చుట్టుకుని వెనక్కి పడ్డాను. అందుకుంది. పడవ ఏరు సముద్రంలో కలిసే మొగలోకి తిరిగాక ఊరి ఒడ్డున జనం గుమిగూడి కనిపించారు. పేలుడు విన్నట్టున్నారు.

కిషోర్ పడవ అడుగున వెల్లకిలా పడి చేతులు పైకెత్తి తడుముతున్నాడు. "దుర్గా, యాడుండావు? ఒక్కసారి చెయ్యి పట్టుకోవే."

నాకు పని చేసేది ఒక్క చెయ్యి, అది చుక్కాని మీద ఉంది. ఆ మాటే ఆయనకు చెప్పాను.